తల్లిదండ్రుల విడాకులు, పిల్లల చదువు: మదీనా నుండి బాన్సువాడ వరకు

విడాకుల గురించి తెలుగులో వచ్చిన వ్రాతలన్నీ దాదాపు భార్యాభర్తల చుట్టూనే తిరుగుతాయి. తలాఖ్ ఎన్నిసార్లు చెప్పాలి, ఒకే మాటగా చెప్పినది చెల్లుతుందా, మెహర్ సంగతేమిటి, ఇద్దత్ ఎన్నాళ్ళు అన్న చర్చతోనే పేజీలు నిండిపోతాయి. ఆ ఇంట్లో పుస్తకాల సంచి ముందు పెట్టుకొని కూర్చున్న పిల్లవాని ప్రస్తావన చివర ఒక పేరాకు మించి రాదు. నిజానికి ఫిఖ్హ్ గ్రంథాలలో ఆ పిల్లవానికి ఒక పూర్తి అధ్యాయమే వున్నది. దాని పేరు హిజానత్. అరబ్బీలో ఆ ధాతువుకు ఒడి, ప్రక్క అనే అర్థాలున్నవి. పక్షి గుడ్లను రెక్క క్రింద పొదువుకొనడానికి కూడా అదే మాట వాడుతారు. ఆంగ్లేయుల న్యాయస్థానాల ద్వారా ఆ మాట 'కస్టడీ'గా మారి మన దినపత్రికలలోకి వచ్చింది. పోలీసు ఠాణాలో నిందితునికీ, తల్లి ఒడిలో బిడ్డకూ ఒకటే మాట వాడవలసి రావడం అనువాదం చేసిన అన్యాయాలలో ఒకటి.

ఈ అధ్యాయపు మూలాలు మదీనాలో వున్నాయి. ముజాదిలా సూరా అవతరణ సందర్భాన్ని వివరిస్తూ తఫ్సీరు గ్రంథాలు హజ్రత్ ఖౌలా బిన్తె సఅలబా (రజి) మొరను పేర్కొంటాయి. ఆమె భర్త ఔస్ బిన్ సామిత్ కోపంలో ఆమెను తల్లితో పోల్చి 'జిహార్' చేశాడు. జాహిలియ్యా కాలపు ఆచారం ప్రకారం అది వివాహాన్ని తెంచివేసే మాట. ఆమె దైవప్రవక్త (సల్లం) సన్నిధికి వచ్చి చెప్పుకున్న బాధలో తన యౌవనం, తన ఒంటరితనం మాత్రమే కాక చిన్న పిల్లల సంగతి కూడా వున్నది. వారిని తండ్రి దగ్గర వదిలితే ఆలనాపాలనా లేక పాడైపోతారు, తన దగ్గర వుంచుకుంటే ఆకలితో మాడుతారు అని ఆమె విన్నవించుకున్నట్లు ఉల్లేఖనాలు చెబుతున్నాయి. పద్నాలుగు శతాబ్దాలు గడిచినా విడిపోయిన ఇంటి పిల్లల సమస్యను ఇంతకంటే క్లుప్తంగా ఎవరూ చెప్పలేదు. ఒకవైపు పెంపకం, మరొకవైపు తిండి. రెండూ ఒకే చోట దొరికే ఇల్లు వారికి ఇక లేదు.

ఖుర్ఆన్ ఈ రెండింటినీ విడదీసి, రెండింటినీ నిలబెట్టింది. అల్ బఖరా సూరా 233వ ఆయతులో పాలిచ్చే తల్లి అన్నవస్త్రాల భారం తండ్రిపై పెట్టబడింది. బిడ్డను అడ్డం పెట్టుకొని తల్లినిగాని, తండ్రినిగాని బాధించరాదని నిషేధించబడింది. అత్ తలాఖ్ సూరాలో విడాకుల అనంతరం కూడా బిడ్డ విషయమై ఇద్దరూ మంచిగా సంప్రదించుకోవాలన్న ఆదేశం వున్నది. గమనించదగిన విషయమేమంటే, విడాకులతో దాంపత్యం ముగుస్తుంది గాని ఆ సంప్రదింపు ముగియదు. బిడ్డ వున్నంతకాలం అది సాగవలసిందే.

హజ్రత్ ఉమర్ (రజి) వంటి మహనీయునికీ ఈ పరీక్ష తప్పలేదు. ఆయన ఒక అన్సారీ మహిళను వివాహమాడి, ఆసిమ్ అనే కుమారుడు కలిగిన తరువాత విడాకులిచ్చారు. కొంతకాలానికి ఆయన ఖుబా వెళ్ళినపుడు పిల్లవాడు మస్జిదు ఆవరణలో ఆడుకుంటూ కనిపించాడు. తండ్రి మనసు ఆగలేదు. చేయి పట్టి ఎత్తి తన వాహనంపై కూర్చోబెట్టుకున్నారు. అమ్మమ్మ పరుగున వచ్చి అడ్డుకున్నది. తగవు ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) ముందుకు వెళ్ళింది. పిల్లవాణ్ణి ఆమెకే వదలివేయమని ఆయన తీర్పు చెప్పగా హజ్రత్ ఉమర్ మారుమాట పలకలేదని ఇమామ్ మాలిక్ 'మువత్తా'లో ఉల్లేఖించారు. న్యాయానికి మారుపేరైన మనిషి తన కన్నబిడ్డ విషయంలో తీర్పుకు తలవంచి ఊరుకున్నాడు. ఇప్పటి తగవులలో సామాన్యంగా కనిపించనిది ఆ మౌనమే. విడాకుల బిడ్డగా, తల్లివైపు ఇంట పెరిగిన ఆ ఆసిమ్ కుమార్తెయే తరువాతి కాలంలో ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్‌ను కన్న తల్లి.

హిజ్రీ 7వ సంవత్సరంలో మరొక తీర్పు జరిగింది. ఉహుద్‌లో అమరుడైన హజ్రత్ హమ్జా (రజి) కుమార్తె కోసం హజ్రత్ అలీ, హజ్రత్ జాఫర్, హజ్రత్ జైద్ (రజి) ముగ్గురూ పోటీపడ్డారు. జాఫర్ భార్య అస్మా బిన్తె ఉమైస్ ఆ పిల్లకు పినతల్లి. దైవప్రవక్త (సల్లం) తల్లి స్థానంలో పినతల్లిని నిలిపి, పిల్లను ఆ ఇంటికే అప్పగించారు. ఇది విడాకుల ఉదంతం కాదు. అయినా ఫుఖహా దీని నుండి ఒక సూత్రం గ్రహించారు: పిల్లల పెంపకంలో ముందుగా చూడవలసింది పెంచేవారి ప్రేమా, సామర్థ్యమూ; వంశం ఆ తరువాతే.

ఇక చదువు సంగతి. హిజానత్ చర్చ మొదటినుండీ చదువు గురించిన చర్చయేనన్న విషయం చాలామందికి తెలియదు. హిజ్రీ ఆరవ శతాబ్దపు హనఫీ ధర్మవేత్త మర్గీనానీ (మరణం 1197) తన 'హిదాయా'లో ఇలా వివరిస్తాడు: మగపిల్లవాడు తనంతట తాను తిని, త్రాగి, బట్టలు ధరించి, శుభ్రపరచుకోగలిగేవరకు తల్లి వద్ద వుండాలి, దానిని ఏడేండ్లుగా అంచనా వేశారు. తరువాత తండ్రి వద్దకు వెళ్ళాలి. ఆడపిల్ల యుక్తవయస్సు వరకు తల్లి వద్దనే వుండాలి. ఎందుకు? ఏడేండ్ల తరువాత మగపిల్లవానికి విద్య, మర్యాద, పురుషుల పద్ధతులు నేర్పవలసి వుంటుంది, ఆ పనికి తండ్రి ఎక్కువ సమర్థుడు అన్నది ఆయన చెప్పిన కారణం. ఆడపిల్ల స్త్రీల పద్ధతులు నేర్చుకోవాలి గనుక ఆమెకు తల్లి. అంటే ఆ ఏడు అనే అంకె ఆకాశం నుండి ఊడిపడలేదు; ఎవరు బాగా నేర్పగలరు అన్న ప్రశ్నకు ఆ కాలం, ఆ సమాజం ఇచ్చిన సమాధానమది. 1791లో చార్లెస్ హామిల్టన్ ఆంగ్లంలోకి తెచ్చిన 'హిదాయా', అదీ అరబ్బీ మూలం నుండి గాక ఒక పారసీ అనువాదం నుండి, బ్రిటిషు న్యాయమూర్తుల చేతికి వచ్చినపుడు వారికి అంకె బాగా కనిపించింది. కారణం అంతగా కనిపించలేదు.

షాఫయీలు, హంబలీలు ఏడేండ్లు నిండిన బాలునికే ఎంచుకునే హక్కు ఇచ్చారు. హనఫీలు దానికి ఒప్పుకోలేదు. పిల్లవానికి బుద్ధి పక్వం కాలేదు గనుక తనను ఆటకు వదిలేవారినే ఎంచుకుంటాడని వారి వాదం. ఈ వాదంలో ఎంత నిజమున్నదో హంబలీలే ఒప్పుకోవలసి వచ్చిన ఉదంతం ఒకటున్నది. ఇబ్నె ఖయ్యిమ్ (మరణం 1350) తన గురువు ఇబ్నె తైమియ్యా చెప్పగా విన్నానంటూ 'జాదుల్ మఆద్'లో దానిని నమోదు చేశాడు. తల్లీతండ్రీ ఒక పిల్లవాని కోసం న్యాయాధిపతి ఎదుట తగవుపడ్డారు. ఎంచుకొమ్మనగా పిల్లవాడు తండ్రిని చూపించాడు. తల్లి, ఎందుకని అడగండి అన్నది. అడిగితే పిల్లవాడు, అమ్మ రోజూ బడికి పంపిస్తుంది, అక్కడ పంతులు కొడతాడు, నాన్న అయితే పిల్లలతో ఆడుకోనిస్తాడు అని చెప్పాడు. న్యాయాధిపతి వెంటనే పిల్లవాణ్ణి తల్లికి అప్పగించాడు. ఇబ్నె ఖయ్యిమ్ ఇంకా ముందుకు వెళ్ళి, ఎంపిక, చీటీ వంటివన్నీ పిల్లవాని మేలు కోసమే గనుక, ఆ మేలు ఎవరివద్ద వుంటే వారికే ప్రాధాన్యమని నిర్ణయించాడు. బడికి పంపడం అన్న ఒక్క పనితో ఒక తల్లి తగవు గెలిచింది. పంతుళ్ళ బెత్తం సంగతి ఆ న్యాయాధిపతి పట్టించుకున్నట్లు లేదు. అది వేరే వ్యాసానికి తగిన విషయం.

విడాకులు ఈ కాలపు రోగమని, పూర్వం లేవని అనుకోవడం కూడా పొరపాటు. 1497లో మరణించిన చరిత్రకారుడు సఖావీ తన బృహత్ జీవితచరిత్ర కోశంలో పన్నెండవ సంపుటిని పూర్తిగా స్త్రీలకే కేటాయించాడు. వేయికి పైగా స్త్రీల వివరాలు అందులో వున్నాయి. వాటిని పరిశీలించి యోసెఫ్ రాపొపోర్ట్ 2005లో వెలువరించిన గ్రంథం, మమ్లూకుల కైరోలో విడాకులు, పునర్వివాహాలు ఎంత సామాన్యమో చూపించింది. నూలు వడకడం, కుట్టుపని వంటి పనులతో వచ్చే సంపాదన ఆ స్త్రీలకు ఆధారంగా వుండేది. 1285లో సుల్తాన్ బైబర్స్ కుమార్తె కైరోలో స్థాపించిన రిబాతుల్ బగ్దాదియ్యాలో, విడాకులు పొందిన స్త్రీలకు తిరిగి వివాహం జరిగేవరకు ఆశ్రయమిచ్చేవారని మఖ్రీజీ వ్రాశాడు. సమాజం ఆ స్త్రీలను పాపాత్ములుగా గాక కష్టంలో వున్నవారిగా చూసి ఒక కట్టడం కట్టింది.

ఇప్పుడు మంజీరా ఒడ్డుకు రావాలి. బాన్సువాడ, నిజాం పాలనలో నిజామాబాదు జిల్లాలోని ఒక తాలూకా. 2016 అక్టోబరు 11 నుండి కామారెడ్డి జిల్లాలో వున్నది. 1923లో ప్రారంభమై 1931లో పూర్తయిన నిజాం సాగర్ ఈ ప్రాంతపు బ్రతుకును మార్చివేసింది. ఆ ప్రాజెక్టుకు రూపమిచ్చిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. వరి, చెరకు, ఆపైన బోధన్ చక్కెర కర్మాగారం వచ్చినవి. ఆ కర్మాగారం 2015లో మూతపడింది. భూమి లేని కుటుంబాల స్త్రీలకు బీడీ చుట్టడం, పురుషులకు 1970ల నుండి గల్ఫు దేశాల కూలి ప్రధానమైన ఆధారాలయ్యాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి నిజామాబాదు జిల్లాలో ముస్లిములు సుమారు 15 శాతం. అవే లెక్కలు విడాకులు పొందిన స్త్రీల సంఖ్యను కూడా చెబుతాయి. ఆ స్త్రీల పిల్లలెందరో, వారిలో బడికి వెళ్ళేవారెందరో చెప్పే గడి ఆ పట్టికలలో లేదు.

హైదరాబాదు సంస్థానంలో నికాహ్‌లు ఖాజీల ద్వారా జరిగి, సియాహానామాలలో నమోదయ్యేవి. ఈ పద్ధతి ఇప్పటికీ తెలంగాణలో సాగుతున్నది. అయితే బ్రిటిషు ఇండియాలో వచ్చిన చట్టాలు ఇక్కడికి ఆలస్యంగా చేరాయి. 1937 షరీఅత్ చట్టం, స్త్రీకి న్యాయస్థానం ద్వారా వివాహ రద్దు కోరే హక్కునిచ్చిన 1939 చట్టం, పార్లమెంటు 1959లో చేసిన విస్తరణ చట్టంతోనే, 1960 ఫిబ్రవరి 1 నుండి పూర్వపు సంస్థాన ప్రాంతాలకు వర్తించాయి. భర్త జాడ తెలియక నాలుగేండ్లు గడిచినా, రెండేండ్లు పోషణ ఇవ్వకపోయినా వివాహాన్ని రద్దు చేయించుకొనే ఆ మార్గం బొంబాయి, మద్రాసు స్త్రీలకు దొరికిన రెండు దశాబ్దాలకు గాని బాన్సువాడ స్త్రీకి దొరకలేదు.

పిల్లల పోషణ విషయంలో మరొక గందరగోళం చాలాకాలం నడిచింది. 1985 నాటి షా బానో తీర్పు, దాని వెంట వచ్చిన 1986 చట్టం గురించి అందరికీ తెలుసు. ఆ చట్టంలో, బిడ్డ పుట్టినప్పటి నుండి రెండేండ్ల వరకు పోషణ ఖర్చు తల్లికి ఇవ్వాలన్న మాట వున్నది. అది పాలిచ్చే కాలానికి సంబంధించిన మాట. కాని కొందరు తండ్రులు, రెండేండ్లు దాటిన బిడ్డతో తమకిక సంబంధం లేదని న్యాయస్థానాలలో వాదించారు. బీహారు నుండి వచ్చిన నూర్ సబా ఖాతూన్ కేసులో ముగ్గురు పిల్లలకు తలా నెలకు 150 రూపాయల పోషణ కూడా ఇదే వాదంతో ఆగిపోయింది. 1997లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసి, పిల్లల హక్కు తల్లి హక్కుతో ముడిపడినది కాదని, యుక్తవయస్సు వచ్చేవరకు లేదా స్వయంగా బ్రతుకగలిగేవరకు, ఆడపిల్లల విషయంలో వివాహం వరకు తండ్రి పోషించవలసిందేనని తీర్పు చెప్పింది. ఇది షరీఅత్‌లో ఏనాడూ వివాదాస్పదం కాని విషయం. ఒక ముస్లిం తండ్రి తన షరీఅత్‌ను సుప్రీంకోర్టు నోట వినవలసి రావడం విచారకరం. 2019 చట్టం ముమ్మారు తలాఖ్‌కు గురైన స్త్రీకీ, ఆమెపై ఆధారపడిన పిల్లలకూ జీవనభృతినీ, మైనరు పిల్లల సంరక్షణనూ ప్రస్తావించింది. 2024 జులై 10న తెలంగాణ నుండి వెళ్ళిన ఒక అప్పీలులోనే సుప్రీంకోర్టు, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ సామాన్య క్రిమినల్ ప్రక్రియా స్మృతి క్రింద కూడా పోషణ కోరవచ్చునని మళ్ళీ స్పష్టం చేసింది.

చట్టం తిండి సంగతి చెప్పింది. మరి చదువు? ఈ విషయమై విస్తృతమైన పరిశోధన గత అర్ధశతాబ్దంలో ఎక్కువగా పాశ్చాత్య దేశాలలో జరిగింది. అక్కడి కుటుంబం వేరు, ఇక్కడి కుటుంబం వేరు. అయినా వాటిలో గ్రహించవలసినది వున్నది. జుడిత్ వాలర్‌స్టీన్, జోన్ కెల్లీ 1971లో కాలిఫోర్నియాలో 60 కుటుంబాలకు చెందిన 131 మంది పిల్లలను పరిశీలించడం మొదలుపెట్టి 1980లో గ్రంథం వెలువరించారు. ఐదేండ్ల తరువాత కూడా మూడింట ఒక వంతుకు పైగా పిల్లలు దిగులులో కూరుకుపోయి వున్నారని వారు వ్రాశారు. దీనిపై విమర్శలు వచ్చాయి. విడిపోని ఇళ్ళ పిల్లలతో పోల్చి చూడలేదన్నది అందులో ముఖ్యమైనది. 1991లో పాల్ అమాటో, బ్రూస్ కీత్ 92 అధ్యయనాలను, 13,000 మందికి పైగా పిల్లల వివరాలను ఒకచోట చేర్చి చూస్తే, చదువులో, ప్రవర్తనలో, తండ్రితో సంబంధంలో వెనుకబాటు నిజమేనని, కాని సగటున అది పెద్దది కాదని తేలింది. అదే సంవత్సరం ఆండ్రూ చెర్లిన్ బృందం, బ్రిటన్, అమెరికాలలో ఏండ్ల తరబడి గమనించిన పిల్లల వివరాల ఆధారంగా మరొక సంగతి చెప్పింది: ఆ వెనుకబాటులో గణనీయమైన భాగం, ముఖ్యంగా మగపిల్లలలో, తల్లిదండ్రులు విడిపోకముందే కనిపిస్తున్నది. అంటే బిడ్డను దెబ్బతీసినది తలాఖ్ అన్న మాట ఒక్కటే కాదు, దానికి ముందు ఏండ్ల తరబడి సాగిన తగవులు కూడా. 1994లో శారా మెక్లనహన్, గ్యారీ శాండెఫర్, ఒంటరి తల్లి లేదా తండ్రి ఇంట పెరిగిన పిల్లలు హైస్కూలు మధ్యలో మానివేయడం దాదాపు రెండింతలని, ఆ తేడాలో సుమారు సగానికి ఆదాయం పడిపోవడమే కారణమని చూపించారు. ఇక ఈ రంగంలో దశాబ్దాలు పనిచేసిన మేవిస్ హెథరింగ్టన్ 2002లో ఇచ్చిన లెక్క తల్లులు తెలుసుకోదగినది: విడాకుల ఇళ్ళ పిల్లలలో తీవ్రమైన ఇబ్బందులు పడేవారు 20 నుండి 25 శాతం, ఇతర ఇళ్ళలో 10 శాతం. అనగా ప్రమాదం రెండింతలు నిజమే. కాని నూటికి డెబ్బై అయిదు మందికి పైగా నిలదొక్కుకుంటున్నారన్నది కూడా అంతే నిజం.

ఖౌలా (రజి) మొరనూ, ఈ లెక్కలనూ ప్రక్కప్రక్కన పెట్టి బాన్సువాడ వంటి ఊరిని చూడాలి. విడాకులు పొందిన స్త్రీ సాధారణంగా పుట్టింటికి చేరుతుంది. పిల్లవాని బడి మారుతుంది. పట్టణంలో ఉర్దూ మాధ్యమంలో చదివే పిల్లవాడు, ఉర్దూ బడి లేని పల్లెకు చేరితే తెలుగు మాధ్యమంలో కూర్చుంటాడు. మూడో తరగతి వాడు అక్షరాల దగ్గరకు తిరిగి వస్తాడు. టీచరు దృష్టిలో అది మొద్దుతనం. నిజానికి అది ఇల్లు మారిన గుర్తు. తల్లి బీడీల చాట ముందు కూర్చుంటే ఆడపిల్ల ఆకు కత్తిరించడానికి ప్రక్కన చేరుతుంది. తండ్రి గల్ఫులో వుంటే, వివాహం నిలిచి వున్నపుడు కూడా వాడు పిల్లలకు ఫోనులో వినిపించే గొంతే. విడాకుల తరువాత ఆ గొంతు కూడా ఆగిపోతుంది, దానితోపాటు నెలనెలా వచ్చే పైకమూ.

ఇక్కడ ఒక సూక్ష్మం వున్నది. ఇమామ్ షాఫయీ, ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్, ఇమామ్ బుఖారీ ముగ్గురూ తండ్రి లేక, తల్లుల పెంపకంలో పెరిగినవారే. షాఫయీ తల్లి వద్ద పంతులుకివ్వడానికి కూడా ధనం లేకపోయింది. వారి తల్లులను ఉదాహరణగా చూపి, ఒంటరి తల్లి బిడ్డను ఇమాముగా చేయగలదని ఉపన్యాసకులు చెబుతూ వుంటారు. మాట మంచిదే. కాని ఆ ముగ్గురూ యతీములు, విడాకుల బిడ్డలు కారు. చనిపోయిన తండ్రి గురించి ఇంటిల్లిపాదీ మంచి చెబుతుంది. విడిచిపెట్టిన తండ్రి గురించి అమ్మమ్మ ఇంట్లో ఒక కథ, నానమ్మ ఇంట్లో మరొక కథ. యతీము కోసం సమాజంలో యతీంఖానా వున్నది, జకాత్ వున్నది, తలపై చేయి వేసే సున్నత్ వున్నది. హైదరాబాదులోని అనీసుల్ గుర్బా వంటి సంస్థలు వున్నాయి. విడాకుల బిడ్డకు తండ్రి బ్రతికి వున్నాడు గనుక యతీము కాడు. ఆ తండ్రి పట్టించుకోడు గనుక తండ్రి గలవాడూ కాడు. ఆ మధ్యలో పడిన పిల్లవానికి పేరే లేదు. పేరు లేనివానికి చందా ఎవరు వ్రాస్తారు?

ముస్లిం దేశాలలో కొన్ని హిజానత్ వయస్సును తిరిగి పరిశీలించాయి. ఈజిప్టు 1929లో, అవసరమని తోచినచో మగపిల్లవాణ్ణి తొమ్మిదేండ్ల వరకు, ఆడపిల్లను పదకొండేండ్ల వరకు తల్లి వద్ద వుంచే అధికారం న్యాయాధిపతికిచ్చింది. 1985లో అవి పది, పన్నెండు అయ్యాయి. 2005లో ఇద్దరికీ పదిహేను చేసింది. పాకిస్తాన్‌లో 1965లోనే లాహోరు న్యాయస్థానం, గ్రంథాలలోని వయోపరిమితి కంటే బిడ్డ మేలు ముఖ్యమన్నది. భారతదేశంలో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కూడా బిడ్డ క్షేమాన్నే చూడమంటుంది. ఇవన్నీ షరీఅత్‌ను తోసిరాజనడమేనని కొందరు ఉలమా అభ్యంతరం చెప్పారు. అయితే మర్గీనానీ చెప్పిన కారణం విద్య. పిల్లవాణ్ణి బడికి పంపుతున్నది తల్లి, తండ్రి జెద్దాలోనో దుబాయిలోనో వున్నాడు, తెచ్చుకుంటే సవతితల్లి చేతిలో పెట్టాలి అన్నపుడు, ఆ కారణం ఎవరి పక్షాన నిలుస్తుందో హనఫీ గ్రంథాన్ని మూసి గాక తెరిచే చూడవచ్చు.

తలాఖ్‌నామాలో, ఖులానామాలో మెహర్, ఇద్దత్ ఖర్చు, జహేజ్ సామాను వివరంగా వ్రాస్తారు. బీరువా, మంచం, గిన్నెలతో సహా. పిల్లల గురించి వ్రాసినపుడు ఎవరి దగ్గర వుంటారన్నదే సాధారణంగా కనిపిస్తుంది. ఏ బడిలో, ఏ మాధ్యమంలో చదువుతారు, ఫీజు ఎవరిది, పరీక్షల నెలలో ఎవరింట వుంటారు, తండ్రి ఏ రోజున వచ్చి చూడవచ్చు అన్న మాటలు కూడా ఆ కాగితంపై వ్రాయడానికి షరీఅత్‌లో అడ్డేమీ లేదు. సంప్రదించుకొమ్మన్న ఆయతు దానినే కోరుతున్నది. బడి మారవలసి వస్తే, 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రధానోపాధ్యాయుడు బదిలీ పత్రాన్ని వెంటనే ఇవ్వాలి. అది ఆలస్యమైనంత మాత్రాన క్రొత్త బడిలో చేర్చుకోక తిప్పి పంపరాదు. తండ్రి సంతకం దొరకలేదన్న కారణంతో ఒక విద్యా సంవత్సరం పోగొట్టుకున్న తల్లులకు ఈ నిబంధన తెలియజేయవలసినది ఊరి ఖాజీయా, మస్జిదు కమిటీయా, టీచరా అన్నది ఇంకా ఎవరూ నిర్ణయించలేదు. పోషణ కోసం దరఖాస్తు పెట్టుకొనడానికి భర్త వున్న ఊరికే వెళ్ళనక్కరలేదు. భార్య నివసిస్తున్న జిల్లాలోనే పెట్టుకోవచ్చు. 2001 వరకు ఆ పోషణకు నెలకు 500 రూపాయల గరిష్ఠ పరిమితి వుండేది, ఇప్పుడు లేదు.